తవిటమ్మ వాన

కోటబొమ్మాళి సర్కారు బంగళా ఆవరణలో, ఇనప కంచె మధ్య ఒక వానగొట్టం ఉండేది. పైన గరాటు, లోపల సీసా. రోజూ పొద్దున్నే నౌకరు నూకయ్య ఆ సీసాలో నీళ్ళు గాజుగొట్టంలోకి వంచి, ఎన్ని అంగుళాల వాన పడిందో చూసి రాసిపెట్టేవాడు. ఆ అంకెల్లో ఒక్కటి సూపర్వైజరు జగన్నాధం బతుకుని నిలువునా ముంచింది. ఇది అతని కథే గాని, అతని అప్ప తవిటమ్మ లేకుండా చెప్పడం కుదరదు.

అక్కడ వాగుని గెడ్డ అంటారు. వాళ్ళది గెడ్డ ఒడ్డునున్న వీధిలో సేద్యం చేసుకునే ఇల్లు. ముందు పుట్టిన పిల్లలెవరూ దక్కకపోతే, ఈవిడైనా దక్కాలని తవుడిచ్చి కొనుక్కున్నట్టు చేసి ఆ పేరు పెట్టారు. తల్లి పోయాక తమ్ముణ్ణి పెంచింది ఆవిడే. అంబలి తాను తాగి వాడికి అన్నం పెట్టింది. మేనత్త కొడుకు అప్పలసూరిని చేసుకుని, తమ్ముడి కోసం ఆ వీధిలోనే ఉండిపోయింది. జగన్నాధం ఓవర్సీరు చదువు పూర్తిచేసి శ్రీకాకుళంలో రోడ్ల పని చూసే ఆఫీసులో చేరిన రోజున వీధంతా బెల్లం పంచింది. పరీక్ష తానే నెగ్గినట్టు తిరిగిందిట.

అరవై ఆరు ఆషాఢంలో చినుకు లేదు. నారుమళ్ళు నెర్రెలు తీశాయి. ఆడవాళ్ళు రోకలికి వేపమండలు చుట్టి, కప్పని కట్టి, కప్పతల్లి ఆడుతూ ఇంటింటా నీళ్ళు పోయించుకున్నారు. ముందు నడిచింది తవిటమ్మ. అలా బంగళా దాకా వచ్చారు. నూకయ్య భోజనానికి పోయాడు. వాన కోసం సర్కారు కూడా ఒక గిన్నె పెట్టుకుని ఎదురుచూస్తూంటే దాన్ని ఉత్తగా వదిలి వెళ్ళడానికి ఆవిడకి మనసొప్పలేదు. కంచె దాటి పసుపునీళ్ళ చెంబు గొట్టంలో గుమ్మరించి దణ్ణం పెట్టింది. వెనకనున్నవాళ్ళూ తలో చెంబు పోశారు. నూకయ్య తిరిగొచ్చి పచ్చటి నీళ్ళు చూసి, తిట్టుకుంటూ పారబోసి, గొట్టం కడిగేశాడు. కాపలా వదిలి వెళ్ళినందుకు ఉద్యోగం పోతుందని ఎవరికీ చెప్పలేదు.

ఆ వారంలోనే నిజంగా వాన పడింది. మబ్బు కోటబొమ్మాళి నెత్తిన మాత్రమే పగిలింది. చుట్టుపక్కల ఊళ్ళలో దుమ్ము కూడా అణగలేదు. గెడ్డ పొంగి తవిటమ్మ గుమ్మం ఎక్కింది. మర్నాడు నూకయ్య తొమ్మిది అంగుళాలని రాశాడు.

శ్రీకాకుళంలో ఉన్న జగన్నాధానికి చేరింది పసుపునీళ్ళ కబురొక్కటే. గుమ్మం ఎక్కిన నీటి మాట, తమ్ముడు బెంగపడతాడని, అప్ప పంపలేదు. కడుపుబ్బ నవ్వి, మా అప్ప సర్కారు వాన కురిపించిందని ఆఫీసులో చెప్పి అందర్నీ నవ్వించాడు. నవ్వు నాలుగు విధాల చేటని పెద్దలు ఊరికే అనలేదు.

రెండేళ్ళకి ఆ గెడ్డకి అడ్డంగా రోడ్డుగట్టు వెయ్యాలని పై నుంచి ఉత్తర్వు వచ్చింది. గట్టు కింద ఎంతెంత తూములు పెట్టాలో తేల్చాలంటే, ఆ చోట ఒక్కరోజులో ఎంత పెద్ద వాన పడగలదో ముందు తెలియాలి. ఆ లెక్క జగన్నాధం చేతికొచ్చింది. పాత అంకెలన్నీ తెప్పించి వరసగా పేర్చాడు. ఏ ఏడు చూసినా నాలుగు, మహా అయితే అయిదు అంగుళాలు. ఒక్క అరవై ఆరు ఆషాఢంలో తొమ్మిది. ఇదేమిటయ్యా అని ఇంజనీరు నరసింగరావు అడిగేలోపు వెనక బల్ల నుంచి ఎవడో "తవిటమ్మ వానండి" అన్నాడు. అందరూ గొల్లుమన్నారు. తోబుట్టువు పేరు అలా నలుగురి నోళ్ళలో నలిగేసరికి జగన్నాధానికి తల కొట్టేసినట్టయింది. పక్క ఊళ్ళ గొట్టాలన్నీ ఆ రోజు ఎండిపోయే ఉన్నాయి. ఇంకేం కావాలి? తొమ్మిది మీద ఎర్రసిరాతో గీత కొట్టేశాడు. బస్సెక్కి ఇంటికెళ్ళి అప్పని ఒక్కమాట అడిగితే సరిపోయేది. అంత చదువూ చదివినవాడికి ఆపాటి తోచలేదు. నాకు ఇప్పటికీ ఒళ్ళు మండేది అక్కడే.

అయిదు అంగుళాల వానకి సరిపడా తూములు దించి, పైన మట్టి పోస్తున్న రోజుల్లో పని చూడ్డానికి ఊరొచ్చాడు. అప్పటికే బావ అప్పలసూరి పక్షవాతం వచ్చి మంచానికి అంటుకుపోయాడు. తవిటమ్మ తమ్ముడి వెంట గట్టు దాకా నడిచి, వంగి తూముల్లోకి చూసింది.

"ఇందులోంచి గెడ్డ ఎల్తాదేటిరా? ఆ యేడు మన గుమ్మం ఎక్కిన నీరు ఎటు పోవాల?"

అది నువ్వు పోసిన పసుపునీళ్ళ లెక్కేనని అతను నవ్వబోయాడు. ఆవిడ నవ్వలేదు.

"నాను పోసింది నూకయ్య పారబోసీనాడు. తరవాత పడింది వానేరా. మీ బావా నానూ తెల్లార్లూ అటకెక్కి కూకున్నాం. ఎవుల్నడిగినా సెప్పుదురు. నువ్వు అడగనేదు."

జగన్నాధం నూకయ్య దగ్గరికి పరిగెత్తాడు. ఉద్యోగ భయంతో వాడు తనకేమీ జ్ఞాపకం లేదన్నాడు. నరసింగరావుకి చెప్పుకున్నాడు. తూములు దించేశాక మీ అప్ప మాట పట్టుకుని గట్టు తవ్వించమంటావా అని ఆయన విసుక్కున్నాడు. పై అధికారికి రాసుకోవచ్చు. రాస్తే ఆ ఎర్రగీత ఎవరిదన్న ప్రశ్న వస్తుంది. ఇవాళ రేపు అని నానుస్తూండగానే గట్టు పూర్తయింది, బస్సులు తిరిగాయి.

మరుసటి కార్తీకంలో ఒక మధ్యాహ్నం మళ్ళీ అలాంటి మబ్బే పగిలింది. గట్టు లేనప్పుడు గెడ్డ గుమ్మం ఎక్కినా తెల్లారేసరికి దిగిపోయింది. ఈసారి దిగడానికి దారి లేదు. తూములు పట్టినంత పట్టాయి, మిగిలిన నీరంతా గట్టుకి తగిలి వెనక్కి తిరిగి వీధిలో నిలబడింది. మంచం ఎత్తడం తవిటమ్మ ఒక్కదాని వల్ల కాలేదు. సాయం కోసం నీళ్ళలో పడుతూ లేస్తూ వీధంతా తిరిగింది. ఎవడి పిల్లల్ని వాడు భుజాన వేసుకుంటున్నాడు, ఎవర్నని ఏం లాభం? ఇద్దర్ని ఎలాగో బతిమాలి తెచ్చేసరికి మంచం అటకకి తగులుతూ తేలుతోంది. మనిషి దాని మీద లేడు.

ఆ రోజు గొట్టంలో కొలిచింది ఎనిమిదిన్నర అంగుళాలు. తవిటమ్మ వాన కంటే తక్కువే. పైకి వెళ్ళిన నివేదికలో మాత్రం కనీవినీ ఎరగని వాన అని రాశారు. అది చదివి జగన్నాధం గోడకి తల కొట్టుకున్నాడు. ఎవరూ తనని ఏమీ అనకపోవడమే అతనికి భరించరానిదయింది.

దినవారాలయ్యాక అప్ప కాళ్ళ దగ్గర కూర్చుని అంతా చెప్పేశాడు. వాన పడిందని రాసి ఉన్నా తానే కొట్టేశానని, బావని చంపింది ఆ గీతేనని ఏడ్చాడు. ఆవిడ తిడుతుందని, కనీసం చెయ్యి చేసుకుంటుందని ఆశపడ్డాడు. ఆవిడ అతని తల నిమిరింది.

"కాయితం మీద గీత గీస్తే మడిసి సస్తాడేటిరా? కప్పతల్లినెత్తి వానని పిలిసింది నాను. దానికి మా గుమ్మం తెలిసిపోనాది. మల్లీ వొచ్చీసినాది."

కాదప్పా అని ఎంత చెప్పినా ఆవిడకి ఎక్కలేదు. తూములూ అంగుళాలూ ఆవిడకెలా ఎక్కించాలి? తప్పు తనదని ఆఫీసూ ఒప్పుకోలేదు, ఆవిడా ఒప్పుకోలేదు.

ఆ పై ఏడు ఆషాఢం మళ్ళీ ఎండింది. జగన్నాధం ఆ రోజు అప్పింట్లోనే ఉన్నాడు. వీధి ఆడవాళ్ళు రోకలికి కప్పని కట్టుకుని పాడుతూ వచ్చి, అలవాటు ప్రకారం ముందు తవిటమ్మ గుమ్మంలో ఆగారు. ఆవిడ నిండు చెంబుతో బయటికొచ్చి, కప్పనీ, వాళ్ళనీ చూసి, ఆ నీళ్ళు గుమ్మం పక్క మట్టిలో ఒంపేసింది.

"ఎల్లిపోండే. నాను పొయ్యను. నా సేతి నీల్లకి మడిసి సస్తాడు."

పాట ఆగిపోయింది. జగన్నాధం ముందుకొచ్చి చెంబు అందుకోబోయాడు. ఆవిడ ఖాళీ చెంబు పట్టుకుని లోపలికెళ్ళి తలుపేసుకుంది.