దానం సారుకు మిషను పెట్టిన బొట్టు

మధ్యాహ్నం రెండూ పదికి అక్క టీ తెప్పించింది. ఆయుధపూజ రోజు. నంద్యాలలో ఆత్మకూరు బస్టాండు దగ్గరి సందులో ఉన్న మా ప్రింటింగు షాపులో రెండు గ్లాసుల టీ. నా గ్లాసు బల్ల మీద పెట్టి, ఇది చల్లారేలోగా లోపలి పని ముగించి వస్తానక్కా అన్నాను. ఆ టీ నేను తాగలేదు. అది చల్లారేలోగా నేను ముగించిన పనులు ఇవి: చనిపోయి ఏడాదైన ఒక క్రైస్తవ హెడ్మాస్టరుగారి నుదుట బొట్టు పెట్టాను. దాన్ని చెరపబోయి నామం చేశాను. అది చాలదన్నట్టు నా మెడను కూడా యంత్రానికి అప్పగించబోయాను. ఒక మనిషి టీ చల్లారే వ్యవధిలో ఇంత చేయగలడా అని మీకు అనుమానం రావచ్చు. మీరు నన్ను ఆ వయసులో చూడలేదు.

అక్క అంటే ఓబులమ్మక్క, మా పెద్దమ్మ కూతురు. షాపు ఆమెది. నిరుడు వేసవిలో ఆమె పోయింది. ఆమె గురించి నాలుగు మంచి మాటలు రాద్దామని చాలాసార్లు కూర్చున్నాను. రాసిన ప్రతి మాటా ఎవరి గురించైనా రాయగలిగిన మాటలాగే కనిపించింది. ఈ కథ మాత్రం ఆమెది. దీన్ని షాపుకు వచ్చినవాళ్లందరికీ నాతోనే చెప్పించి, తెలిసిన చోటే మళ్లీ మళ్లీ నవ్వేది. అందుకని ఇదే రాస్తున్నాను.

ముందు యంత్రం సంగతి చెప్పాలి. కాన్వాసు గుడ్డ మీద పెద్ద ఫోటో ప్రింటు చేస్తే, దాని మీద తడి చేయి పడినా చాలు, రంగు ఊడుతుంది. అందుకని దానికి ఒక పూత వేయాలి. ఆ పూత మజ్జిగలాగా తెల్లగా ఉంటుంది, ఆరితే అద్దంలాగా మెరుస్తుంది. మిషను ముందు భాగంలో తొట్టి, తొట్టిలో ఆ ద్రవం, దాంట్లో మునుగుతూ తిరిగే రోలరు. ప్రింటును ఇటు పెడితే రోలరు దాని మొహం మీద పూత రాసి, వెనక ఉన్న హీటరు దగ్గరికి పంపుతుంది. లిక్విడ్ లామినేషను అంటే ఇంతే. అప్పటికి ఆ మిషను వచ్చి కొద్ది నెలలే అయింది. అక్క దాన్ని పసిబిడ్డను చూసుకున్నట్టు చూసుకునేది.

నేను దాని పుస్తకం మొత్తం చదివాను. డిగ్రీ ముగించి, ఉద్యోగం దొరక్క అక్క పంచన చేరినవాణ్ని. చేతికి ఏ అచ్చు కాగితం దొరికినా చదివే అలవాటు. చేతి తొడుగులు వేసుకోవాలని, గాలి బయటికి లాగే ఫ్యాను ఆపకూడదని, వదులు బట్టలతో దగ్గరికి పోకూడదని, తిరుగుతున్న రోలరును ముట్టకూడదని, రోలరు మీద ఏ అన్యపదార్థమూ ఉండకూడదని అందులో రాసి ఉంది. అన్నీ నాకు నోటికి వచ్చు. కానీ పసుపును అన్యపదార్థమని ఎవరనుకుంటారు? పుట్టినప్పటి నుంచి మన ఇంట్లో ఉన్నదే కదా.

ఆ రోజు ఉదయం పూజ బాధ్యత అక్క నాకు అప్పగించింది. మిషన్లన్నిటికీ బొట్లు పెట్టు అని చెప్పి టెంకాయల కోసం బజారుకు పోయింది. నేను పంచె కట్టి, కండువా వేసుకొని, పసుపు నీళ్లతో కలుపుకొని బయలుదేరాను. కత్తెరకు పెట్టాను. ప్రింటరుకు మూత మీద పెట్టాను. లామినేషను మిషను దగ్గర ఆగి ఆలోచించాను. ఆలోచించడమే నా జబ్బు. మనిషికి వీపు మీద బొట్టు పెట్టం, మొహానికే పెడతాం. ఈ మిషనుకు మొహం ఏది? పని చేసే చోటే మొహం. కాబట్టి రోలరు. దాని నడిమధ్యన రూపాయి బిళ్లంత పసుపు, దాని మీద కుంకుమ, ఊడిపోకుండా గట్టిగా అద్ది పెట్టాను. దీపం ఆరిపోతోందని ఫ్యాను కూడా ఆపేశాను.

పూజ చేసిన మిషన్లను ఆ రోజు కదిలించకూడదు. కానీ ఆళ్లగడ్డ నుంచి వచ్చిన పని ఒకటి మిగిలిపోయింది. దానం సారని అక్కడ హెడ్మాస్టరుగా చేసినాయన పోయి మరుసటి రోజుకు సరిగ్గా ఏడాది. చర్చిలో ఉదయమే జ్ఞాపకార్థ కూడిక. ఆయన భార్య సుగుణ టీచరు ఒక చిన్న ఫోటో తెచ్చి, దీన్ని నిలువెత్తు చేసివ్వమని అడిగింది. అక్క చిన్నప్పుడు ఆ సారు దగ్గరే చదువుకుంది. ప్రింటు పూర్తయింది. పూత ఒక్కటే బాకీ. షాపులో కాన్వాసు ఆ ముక్కతో అయిపోయింది, పండగ దాటితే గాని మళ్లీ రాదు. పాడైతే రేపు చర్చిలో సారు ఉండడు. ఇది అక్క నాకు రెండుసార్లు చెప్పింది. తొట్టి చుట్టూ ఒకసారి చూసుకో అని కూడా చెప్పింది. చూశాను. బొట్టు చక్కగా ఉంది.

స్విచ్ వేశాను. కోటు, టై, చేతిలో పుస్తకంతో దానం సారు గంభీరంగా లోపలికి నడిచాడు. జుట్టు దాటింది. నుదురు వచ్చింది. నుదుటి మధ్యలో, కొలత పెట్టి దిద్దినట్టు, గుండ్రటి బొట్టు. పసుపు ఆ ద్రవం తగలగానే సున్నం కలిసినట్టు ఎర్రబడింది. పారాణి ఎరుపు. రోలరు మరోచుట్టు తిరిగింది. టై మీద ఒకటి. ఇంకోచుట్టు. చేతిలోని పుస్తకం మీద ఒకటి. పూజ నేనొక్కణ్నే మొదలుపెట్టాను, కొనసాగించే బాధ్యత మిషను తీసుకుంది.

అప్పుడే అక్కను పిలిచి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. అవతలికి వచ్చిన కాన్వాసు మీద పూత ఇంకా తడిగానే ఉంది, తుడిస్తే పోతుంది అనుకున్నాను. తడిగుడ్డ తీసి నుదుటి మీద పెట్టి కిందికి లాగాను. బొట్టు పోయింది. నుదుటి నుంచి ముక్కు మొదలు దాకా ఎర్రని నిలువు గీత వచ్చింది. దానికి అటూ ఇటూ పూత తెల్లగా పేరుకొని నిలిచింది. అహోబిలంలో ఏ ఆచార్యులవారి నామమూ అంత తీరుగా ఉండదు.

రోలరు ఇంకా తిరుగుతూనే ఉంది. అసలు దోషం దానిదే కదా, ముందు దాన్ని తుడవాలని వంగాను. ఫ్యాను లేక గది నిండా ఘాటు, కళ్లల్లో నీళ్లు. కండువా కొస ముందుకు జారింది. నేను రోలరును పట్టుకోకముందే రోలరు నన్ను పట్టుకుంది. కండువా లోపలికి పోతోంది, దాని వెనకే నా మెడ, మెడను కాపాడుకోవాలని నా కుడిచేయి. నేను అరిచానో లేదో నాకు గుర్తులేదు. అక్క మాత్రం పరిగెత్తుకొని వచ్చి ఎర్ర మీట మీద అరచేత్తో ఒక్క దెబ్బ కొట్టింది. మిషను ఆగింది. నా వేళ్లు రోలరుకు బియ్యపు గింజంత దూరంలో ఉన్నాయి.

ఆమె ముందు ప్లగ్గు పీకింది. తర్వాత కత్తెరతో కండువా కత్తిరించి నన్ను విడిపించింది. తర్వాతే మాట్లాడింది.

"ఏందిరా నాగేంద్రా, సారుతో పాటు నువ్వు గూడా పూత పూయించుకుంటాండావా?"

"రోలరుకు బొట్టు పెట్టింటినక్కా."

"ఆడెందుకు పెట్టినావ్?"

"అది మొహమనుకుంటి."

ఆమె సారు వైపు చూసింది. నామం చూసింది, టై చూసింది, పుస్తకం చూసింది. ఈ ద్రవం రోలరు మీద ఆరితే గట్టిపడిపోతుంది, ఇక రోలరు పారేయాల్సిందే. అందుకని తొడుగులు వేసుకొని, ఫ్యాను వేసి, గోరువెచ్చని నీళ్లు తెచ్చి, రోలరును చేత్తో కొద్దికొద్దిగా తిప్పుకుంటూ కడిగింది. నన్ను స్టూలు మీద కూర్చోబెట్టింది. కడగడం అయ్యాక, ఇది ఫోన్లో చెప్పే మాట కాదు, పోదాం పదరా అంది.

ఆళ్లగడ్డ బస్సెక్కాం. పూత పూర్తిగా గట్టిపడలేదు కాబట్టి కాన్వాసును చుట్టకూడదు. సారును సగం తెరిచి ఒడిలో పెట్టుకొని కూర్చున్నాను. పక్క సీటులోని పెద్దాయన అహోబిలం పోతున్నాడట. ఆయన కాసేపు భక్తిగా చూసి, ఏ మఠం స్వామప్పా ఈయన అని అడిగాడు. నేను కాన్వాసును కొంచెం నా వైపు తిప్పుకున్నాను. ఆయన కొంచెం ముందుకు వంగి చూసి, స్వామికి టై ఎందుకుందప్పా అన్నాడు. అక్క కిటికీ వైపు తిరిగింది. ఆమె భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందని భయపడ్డాను. ఏడవడం లేదు.

సుగుణ టీచరు ఇంట్లో ఆమె, కోడలు ఉన్నారు. మరుసటి రోజు కూడికకు వచ్చేవాళ్ల కోసం వరండాలో కుర్చీలు దించి ఉన్నాయి. అక్క ముందుగానే, తప్పు మాది టీచరమ్మా అని చెప్పి, కాన్వాసును గోడకు ఆనించింది. టీచరు కళ్లద్దాలు పెట్టుకొని దగ్గరికి వచ్చింది. నుదుటి నుంచి పుస్తకం దాకా చూసింది. పండగ పూట, వాళ్ల విశ్వాసం మీద, ఆమె దుఃఖం మీద నేను ఎర్రరంగు పూసి తెచ్చానని నాకు అప్పుడు అర్థమైంది. అంతకుముందు అది పాడైన ప్రింటు మాత్రమే.

"ఎవరు పెట్టినారప్పా ఈ బొట్టు?" అంది.

"నేను మిషనుకు పెట్టినా మేడం. అది సారుకు పెట్టింది."

ఆమె కుర్చీలో కూర్చుంది.

"ప్రతి దసరాకూ బళ్లో పిల్లోళ్ల అమ్మలు పళ్లెం పట్టుకొని వస్తాండ్రి. ఈయన వద్దమ్మా వద్దమ్మా అనుకుంటా ఎనక్కు నడుస్తాండె. ఒకసారి అట్లే నడిచి నడిచి పూలతొట్టిలో కూర్చుండె. సర్వీసంతా అందరి నుంచీ తప్పించుకున్న్యాడు." ఆమె కాన్వాసు వైపు చూసింది. "మీ మిషను నుంచి తప్పించుకోలేకపాయె."

నవ్వడం మొదలుపెట్టింది. ఆపుకోలేకపోయింది. కోడలు వంటింట్లోంచి నీళ్ల చెంబుతో పరుగున వచ్చింది, అత్త ఏడుస్తోందనుకొని. విషయం తెలిశాక ఆమె కూడా చెంబు కింద పెట్టి నవ్వింది. ఏడాదిగా ఆ ఇంట్లో టీచరు నవ్వు వినలేదని కోడలు తర్వాత అక్కతో చెప్పింది.

చర్చిలో పాత చిన్న ఫోటోనే బల్ల మీద పెట్టారు. పండగ దాటాక అక్క శుభ్రంగా ఇంకో ప్రింటు వేసి, నన్ను దూరంగా నిలబెట్టి తానే పూత వేసి, నాతోనే పంపింది. టీచరు దాన్ని హాల్లో పెట్టించింది. బొట్లు పడిన కాన్వాసు తిరిగి ఇస్తారా అని అడిగితే ఇవ్వనంది. అది వంటింట్లో ఉంది. హాల్లోది అందరికీ, వంటింట్లోది నాకు, పొద్దున్నే కాఫీ కాచుకుంటూ దాన్ని చూస్తే దినం బాగుంటుంది అని చెప్పింది.

ఆయుధపూజ నాటి సాయంత్రం తిరుగు బస్సులో అక్క నన్ను ఒక్క మాట కూడా తిట్టలేదు. నా కుడిచేయి తీసుకొని వేళ్లన్నీ ఒకసారి చూసి వదిలేసింది. ఈ వాక్యం రాస్తున్నది ఆ వేళ్లతోనే. ఆమెకు నేను కృతజ్ఞతలు చెప్పలేదు. అప్పుడు తోచలేదు, తర్వాత ఎప్పుడూ సందర్భం రాలేదనుకున్నాను.

ప్రతిజ్ఞ మాత్రం చేశాను. తొట్టి సాక్షిగా, రోలరు సాక్షిగా, సగం మిగిలిన కండువా సాక్షిగా, ఏ హెడ్మాస్టరునూ ఆయన అనుమతి లేకుండా అలంకరించనని, యంత్రాలకు మొహం ఎక్కడుందో ఇక జన్మలో ఆలోచించనని. షాపు ఇప్పుడు నేను చూస్తున్నాను. మొన్నటి ఆయుధపూజకు కత్తెరకు, ప్రింటరుకు, షట్టరుకు బొట్లు పెట్టాం. లామినేషను మిషనుకు ఇప్పుడు మేం బొట్టు పెట్టడం లేదు.