పెనుకొండ స్టేషన్లో అంబలి

పంతొమ్మిది వందల అరవైల్లో నేను పెనుకొండ పక్క పల్లెల్లో కాన్పులు చేసే నర్సమ్మను. వేళకు తినమని బాలింతలకు చెప్పీ చెప్పీ నా నోరు నొప్పి పుట్టేది. నేను మాత్రం టీ, బన్నుతో రోజు గడిపేదాన్ని.

ఒక మధ్యాహ్నం స్టేషన్లో హిందూపురం బండి కోసం నిలబడి, కళ్లు తిరిగి పడిపోయాను. మెలకువ వచ్చేసరికి నా తల ఎవరో ముసలామె ఒళ్లో ఉంది. ఆమె సత్తుగిన్నెతో నా నోట్లో రాగి అంబలి పోస్తోంది.

"ఎప్పుడు తిన్యావమ్మా?"

"నిన్న సాయంత్రం. తినేకి టైము లేదవ్వా, పని."

ఆమె నా మొహంలోకి చూసింది. "మరి పడిపోయేకి టైము యాడ దొరికింది?"

నవ్వబోయాను. ఆమె నవ్వలేదు, కోపంగానూ లేదు. జవాబు కోసం ఎదురుచూస్తున్నట్టు కూర్చుంది. ఇంతలో ధర్మవరం బండి వచ్చింది. మిగిలిన అంబలి కూడా తాగించి, గిన్నె కొంగుతో తుడుచుకుని, ఎక్కి వెళ్లిపోయింది.

ఎగతాళి చేసిందో, నిజంగానే అడిగిందో నాకిప్పటికీ తెలీదు. ఆ తర్వాత మాత్రం, కాన్పుకు పిలవొచ్చినాయన గుమ్మంలో కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నా, నాలుగు ముద్దలు తినే బయల్దేరేదాన్ని. తప్పు చేస్తున్నానేమో అనిపించేది. అయినా తినేదాన్ని.