వెంకటదుర్గ చెప్పిన తల్లి రకం

వెంకటదుర్గ ఇరవై రెండేళ్ళుగా పాలకొల్లు దగ్గర ఓ వరి పరిశోధన క్షేత్రంలో సంకరం చేసే పనికి వెళ్తోంది. వరి పువ్వు విచ్చకముందే కొన కత్తిరించి, లోపలి ఆరు కేసరాలనూ పట్టకారుతో తీసేసి, కాగితపు సంచి తొడగాలి. మర్నాడు పొద్దెక్కాక వేరే రకం పుప్పొడి దాని మీద దులపాలి. తక్కినవాళ్ళ చేతిలో వందకి పాతిక గింజలు నిలిస్తే గొప్ప. ఆమె చేతిలో నలభై నిలిచేవి.

ఎనిమిదేళ్ళ కిందట ఆమె చేసిన ఓ సంకరం నుంచి వచ్చిన వరి, నిరుడు పన్నెండు రోజులు నీట మునిగి కూడా తేరుకుంది. క్షేత్రమంతా సంబరపడింది. అంతలోనే చిక్కొచ్చిపడింది. కొత్తగా చేరిన శాస్త్రవేత్త ఆశాజ్యోతి, ఆకుకి పచ్చదనమిచ్చే హరితరేణువుల జన్యువులను అక్షరం అక్షరం చదివించి పటం గీయిస్తోంది. వరిలో ఆ రేణువులు తల్లి మొక్క నుంచే వస్తాయి, తండ్రి నుంచి రావు. అయితే ఈ వరి పటం రిజిస్టర్లో రాసిన తల్లితో కలవలేదు. ఆ తల్లికి లేని అరవై తొమ్మిది అక్షరాలు దీనికి ఒకచోట ఉన్నాయి.

“విత్తనం ఎక్కడో కల్తీ అయ్యుంటుంది. వంశం తేలని రకాన్ని ముందుకి పంపలేం. పక్కన పెట్టేయండమ్మా” అన్నారు క్షేత్రం అధిపతి యుగంధర్ గారు.

గట్టు మీద ఉన్న వెంకటదుర్గకి ఒళ్ళు మండింది.

“కల్తీ అవలేదండి. రిజిస్టర్లో ఉన్నది దాని తల్లి కాదండి. ఆ యేడు గాలివానకి ఆ మడి పడిపోతే, అప్పటి పెద్దసారు పక్క మడిలో మీసాల వడ్లకి చేసెయ్యమన్నారండి. ఆ మీసాలు గుచ్చుకుని నా బొటనవేలు వారం రోజులు వాచింది. ఎలా మర్చిపోతానండీ?”

“మరి రాయలేదే?”

“నేను చెప్పానండి. వాళ్ళు రాసుకోలేదు.”

యుగంధర్ గారు నమ్మలేదు. ఆశాజ్యోతి మాత్రం, “ఆ వడ్లు ఇప్పుడెక్కడైనా ఉన్నాయా దుర్గగారూ?” అని అడిగింది.

క్షేత్రంలో ఆ రకం ఎప్పుడో పోయింది. మొదట దాన్ని తెచ్చిచ్చింది మాత్రం వెంకటదుర్గే, పెనుగొండ అవతల తన పుట్టినూరి పల్లపు చేల నుంచి. మర్నాడే ఇద్దరూ స్కూటీ మీద వెళ్ళారు. ఆమె బాబాయి వీరబాబు ఇంకా పది సెంట్లలో ఆ వరి వేస్తున్నాడు. “ఊళ్ళో నవ్వుతున్నారమ్మా నన్ను చూసి” అంటూనే, దగ్గరుండి ఆకులు కోసిచ్చాడు.

ఆకులు ల్యాబుకి వెళ్ళాయి. మూడు వారాలు వెంకటదుర్గకి అన్నం సహించలేదు.

నాలుగో వారం ఆశాజ్యోతి చెప్పులు చేత పట్టుకుని మడిలోకే పరిగెత్తుకొచ్చింది.

“కలిసిందండీ! లక్షా ముప్పై నాలుగు వేల పైచిలుకు అక్షరాలు. ఒక్కటి కూడా తేడా లేదు!”

వెనకే యుగంధర్ గారు వచ్చారు. “నీ మాట వినాల్సింది దుర్గమ్మా. తప్పు నాదే” అన్నారు అందరి ముందూ. తల్లి పేరు దిద్దించి, కింద ‘సంకరం చేసినవారు: వెంకటదుర్గ’ అని రాయించారు.

ఆ ఖరీఫ్‌లో ఆ వరి రైతుల చేలల్లో పరీక్షకి వెళ్ళింది. విత్తనం సంచులు ఆమె చేతుల మీదుగానే పంచారు.

“మీరు సైంటిస్టాండీ?” అని అడిగాడో రైతు.

“కాదండి. దీన్ని పుట్టించింది నేనండి” అంది వెంకటదుర్గ, నలుగురికీ వినపడేలా.