సముద్రం లేని ఊళ్లలో సముద్రపు చేపల సర్వే: ఆదోని, ఎమ్మిగనూరుల్లో ఒక ఆదివారం

సుగ్గికి పోయినవాళ్లు మిరపకాయల ఘాటు మోసుకొస్తారు. నేను చేపల పేర్లు మోసుకొచ్చాను. సుగ్గి అంటే మా ఆదోని చుట్టుపక్కల పల్లెలవాళ్లు కూలి కోసం గుంటూరు వైపు వలస పోవడం. పోయిన ఏడు మిరప కోతలు అయిపోయాక ఊరికి రాబుద్ధి కాక, నిజాంపట్నం హార్బర్‌లో బుట్టలు మోయడానికి కుదిరాను. తీరంలో దొరికే చేపలు, నత్తలు, ఆల్చిప్పలు ఏ రకానివో గుర్తించే సర్వే బృందం ఒకటి అక్కడ పని చేస్తుండేది. వల కుప్పలోంచి రకాలు వేరు చేసి వాళ్ల బల్ల మీద పెట్టే పని నాకు దొరికింది. ఎనిమిదితో బడి మానేసినవాణ్ని. వాళ్లు పారేసిన బొమ్మల కాగితాలు ఏరుకుని రెక్క, పొలుసు, దవడ చూసి రకం పట్టుకోవడం నాకు నేనే నేర్చుకున్నాను. ఎవరి దయా లేదు అనుకునేవాణ్ని అప్పట్లో.

ఈ ఏడు వేట నిషేధం ముగిశాక మళ్లీ మొదలయ్యే సర్వేకి ఒక మనిషి కావాలన్నారు. మోయడానికి కాదు, గుర్తుపట్టడానికి. నా పేరు వినగానే అక్కడి కూలీల మేస్త్రీ పళ్లికిలించాడట. "కర్నూలోడా? ఆళ్లకి తాగడానికే నీళ్లుండవంట గదా! చేపలు ట్యాంకర్లో వస్తాయేంట్రా?" ఆ మాట నా చెవిన పడేసరికి నేను ఊరికి తిరిగొచ్చి, ఆదోనిలో పత్తి మిల్లులో బేళ్లు ఎత్తుతున్నాను. ఆ రోజు ఎన్ని బేళ్లు ఎత్తానో నాకే తెలియదు, అంత మండింది.

సర్వే నడిపే మేడం మాత్రం నవ్వలేదు. ఫోన్ చేసి సూటిగా చెప్పారు. "సముద్రపు సరుకు మీ ఊళ్లదాకా ఏమేం వస్తోందో చూసి పంపు. ఫోటో, అసలు రకం, అక్కడివాళ్లు పిలిచే పేరు. తప్పు రకం పంపితే మాత్రం నీకోసం నేను పోట్లాడలేను." మిల్లుకు సెలవు ఆదివారం ఒక్కటే. అలా మొదలైంది ఈ ప్రయాణం.

ఆదోని చేపల మార్కెట్టుకు పోవాలనుకునేవాళ్లు తెల్లారగానే పోండి. ఎనిమిది దాటితే ఐసు కరిగిన నీళ్లే మిగులుతాయి. ముందు వరుసలన్నీ చెరువు చేపలవే. సముద్రపువి చివర్లో, థర్మకోల్ పెట్టెల్లో ఉంటాయి. అక్కడ కూర్చునే ఖాజాబీ ఆ వరుసకు మహారాణి. నేను ఫోన్ తీయగానే కత్తి పక్కన పెట్టింది.

"కొనేదుంటే కొను. ఫోటోలు తీసేకి ఇది పెండ్లా?"

"సర్వే చేస్తాండానక్కా."

"ఓయబ్బా! మొన్న ఇండ్ల సర్వే, నిన్న రేషన్ సర్వే, ఇయ్యాల చేపల సర్వేనా? దీనికి ఆధార్ లేదప్పా, రాసుకో."

పక్కనున్న వాళ్లంతా నవ్వారు. నాకు కోపం వచ్చింది, కానీ పెట్టె ఆమెది. ఒక చేపను చూపించి పేరు అడిగాను. "బంగడా" అంది. కోస్తాలో దీన్ని కానాగంత అంటారని చెప్పాను. "వాళ్లేమన్నా అనుకోనీ. ఇది మంగళూరు పక్కనించి వచ్చిండాది. ఆడ బంగుడె, ఈడ బంగడా. చేప అదే, నోర్లు వేరే," అంటూ మొప్ప ఎత్తి చూపింది. తోకకు ముందు పైనా కిందా చిన్న చిన్న రెక్కముక్కలు, రొమ్ము రెక్క దగ్గర నల్ల మచ్చ. అనుమానం లేదు. ఆ తర్వాత నేను అడక్కుండానే ఒక్కో రకాన్ని నీళ్లతో కడిగి, వెలుతురు పడేలా తిప్పి పట్టుకుంది. బేరానికి వచ్చినవాళ్లను "ఆగప్పా, సర్వే జరుగుతాండాది" అని ఆపింది కూడా. ఎగతాళో, గౌరవమో ఇప్పటికీ తేల్చుకోలేదు. ఫోటోలు మాత్రం అద్దంలా వచ్చాయి.

బజారులో పాత మూలికల అంగడి ఒకటుంది. అత్తరు, లోబాన్ ధూపం, ఎండు వేర్ల మధ్య గాజు సీసాలో తెల్లటి పలకలు కనిపించాయి. కటిల్‌ఫిష్ అనే సముద్రజీవి ఒంట్లో ఉండే ఎముక అది. అంగడి చాచా దాన్ని సమందర్ ఝాగ్ అన్నాడు, అంటే సముద్రపు నురుగు. పంజరంలో పిట్టలు పెంచేవాళ్లు కొంటారట, ముక్కు అరగదీసుకోవడానికి. అది నురుగు కాదు, ఎముక అన్నాను. "ఎముకైతే ఏమి, నురుగైతే ఏమి బేటా, పిట్టకు తెలిసిండాది గదా," అని ఒక ముక్క ఊరికే చేతిలో పెట్టాడు.

ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు బస్సులు వరసగా ఉంటాయి. ముప్పై కిలోమీటర్లు, గంట పడుతుంది, ఛార్జీ భారం కాదు. పొద్దున పోయేటప్పుడు కుడివైపు కిటికీ వద్దు, ఎండ నిలువునా కాలుస్తుంది. దిగేసరికి ఆకలి దంచుతోంది. బస్టాండు దగ్గర మార్తమ్మక్క మెస్సు ఉంది. బయట పలక మీద సుద్దముక్కతో "సందువ వేపుడు" అని రాసి ఉంది. కోస్తాలో చందువ అంటే ఖరీదైన సముద్రపు చేప. ఎమ్మిగనూరులో చందువా! లోపల పళ్లెంలో గుండ్రటి చేపలు, రెక్కలు కత్తిరించి, నిండా ఎర్రకారం పట్టించి ఉన్నాయి. గబగబా ఫోటో తీసి, "తెల్ల చందువ, ఇక్కడి పేరు సందువ" అని మేడంకి పంపేశాను. మేస్త్రీ మొహం తలుచుకుని నవ్వుకున్నాను కూడా.

వేగిన చేప పళ్లెంలోకి వచ్చింది. తల నావైపు ఉంది. నోరు తెరిచి ఉంది. నోటినిండా పళ్లు.

"ఏమప్పా, తలకాయ సూసి అట్ల బిత్తరపోతివి?" అంది మార్తమ్మక్క.

"అక్కా, దీనికి మనిషి పండ్లుండాయి."

"ఉంటాయి మల్ల. సందువకు అట్లే ఉంటాయి. మా ఆయన పండ్ల కంటే ఇవే నయం."

చందువ నోరు చిన్నది. దాని పళ్లు కంటికి సరిగ్గా ఆననే ఆనవు. ఇలా నమిలే పళ్లుండేది రూప్‌చంద్‌కు. చెరువుల్లో పెంచే చేప, జన్మలో సముద్రం చూడదు. ఆకారం కాస్త చందువలా ఉంటుందని మా వైపు అందరూ దాన్నే సందువ అంటారు. చిన్నప్పటి నుంచి నేనూ అలాగే అన్నాను. హార్బర్‌లో నేర్చుకున్న కళ్లు ఆకలికి మూసుకుపోయి, ఊరి నాలుక ముందుకొచ్చింది. ఫోన్ చూశాను. మెసేజ్ కింద రెండు నీలం గీతలు. చూసేశారు.

చెరిపేస్తే చెరిపినట్టు కనిపిస్తుంది. ఊరుకుంటే, కారం పూత కింద ఆమె గుర్తుపట్టకపోవచ్చు. ముద్ద కలపకుండా కూర్చున్న నన్ను చూసి మార్తమ్మక్క గరిటె పట్టుకునే వచ్చింది.

"ఏమైందప్పా? కారం ఎక్కువైందా?"

"తప్పు పేరు పంపితినక్కా. పని పోతాదేమో."

"అయితే సరైన పేరు పంపు. దానికేంటికి అన్నం మీద అలుగుతావు?"

ఆమెకు అది అంత చిన్న విషయం. పంపాను. "అది చందువ కాదు మేడం. రూప్‌చంద్. తల చూడకుండా పంపాను. ఇక్కడ దీన్నే సందువ అంటారు." మళ్లీ నీలం గీతలు పడ్డాయి. జవాబు లేదు. వేపుడు మాత్రం, నిజం చెప్పాలి, అద్భుతం. వంద రూపాయల్లోపే కడుపు నిండింది. లేచేటప్పుడు అక్క ఒక నిమ్మచెక్క కాగితంలో చుట్టి ఇచ్చింది. "బస్సులో నీసు కంపు కొడ్తావు, రుద్దుకో."

ఊరి చివర మల్లయ్య తాత ఇల్లు. ఆయన గొరవయ్య, దేవుడి పేరున డమరుకం కొడుతూ ఎగిరి ఆడే మనిషి. నల్లకంబళి, ఎలుగుబంటి తోలు టోపీ, చేతిలో డమరుకం, రొమ్ము మీద అడ్డంగా గవ్వల పట్టీలు. దసరాకు దేవరగట్టు జాతరకు పోతాడు. గవ్వలు సముద్రపువే కదా, నా సర్వేలో అవీ ఉండాలి. వాకిట్లో ఆరేసిన పట్టీ మీద ఆత్రంగా చేయి వేయబోయాను.

"ఏయ్! ముట్టాకు!" తాత కేకకు వాకిట్లో కోడి ఎగిరిపోయింది. "నీసు సేతులు. ఇంత దూరం కొడ్తాండాది."

సిగ్గుతో నిమ్మచెక్క తీసి రుద్దుకున్నాను, చెంబు నీళ్లతో కడుక్కున్నాను. తాత వాసన చూశాడు. "నీసు పాయ. నియమం పోదు గదప్పా. నువ్వు సూడు, నేను పట్టుకుంటా." ఎండలోకి వచ్చి పట్టీ ఎత్తి పట్టుకున్నాడు. గవ్వల వీపులు కోసి కుట్టినవి, పళ్ల వరుస మాత్రమే కనిపిస్తోంది.

తర్వాత ఒక పొట్లం విప్పి నా ముందు పోశాడు. "ఇవి కొత్తవి. ఇంగా దేవునివి కాలే, ముట్టొచ్చు. ఒకటి రెండు కుట్టి సూస్తి, ఎంత ఎగిరినా పలకవు." చేతిలోకి తీసుకుంటే తేలిగ్గా ఉన్నాయి, అన్నిటి పళ్లూ ఒకే అచ్చు. నిమ్మచెక్క పిండాను. ఏమీ కాలేదు. పట్టీ నుంచి ఎప్పుడో ఊడిన పాత గవ్వను తాతే తెచ్చి పక్కన పెట్టాడు. దాని మీద చుక్క పడగానే సన్నటి నురగ లేచింది.

"ప్లాస్టిక్ తాతా."

తాత పొట్లం వైపు చూసి పెద్దగా నవ్వాడు. "నాకు వయసైపోయి కాలు ఆడలేదనుకుంటి గదరా! గవ్వ దొంగది!" ఆ సంతోషంలో లోపలికి పోయి, గంటకు కట్టిన ఒకే ఒక కోయని గవ్వను తెచ్చాడు. వాళ్ల తాత కాలందట. తాత తిప్పి చూపితే తెల్లటి వీపు మీద పసుపు ఉంగరం. నా బొమ్మల కాగితాల్లో చూసిందే. పగడపు దిబ్బలున్న సముద్రాల్లో బతికే రకం, నిజాంపట్నం వలల్లో నేనెన్నడూ చూడలేదు. ఫోటో తీసి మేడంకి పంపాను. "సముద్రానికి పోతే నిజం గవ్వలు గుప్పెడు తేప్పా," అన్నాడు. పోతానో లేదో తేలకపోయినా తల ఊపాను.

తిరుగు బస్సు ఆదోని చేరబోతుండగా జవాబు వచ్చింది. "దవడ చూడగానే తెలిసింది. నువ్వు చెప్తావేమోనని ఆగాను. వేట మొదలయ్యే రోజు హార్బర్‌లో ఉండు. ఆ గవ్వ వీపు మీద నీ నీడ పడింది, మళ్లీ తీసి పంపు."

ఎవరి దయా లేదని అనుకునేవాణ్నని మొదట్లో రాశాను. ఇప్పుడు అలా అనలేను. నా ఫోన్‌లో ఉన్న దాదాపు ప్రతి ఫోటోలోనూ ఒక చేయి ఉంది. ఐసు నీళ్లకు ముడతలు పడిన ఖాజాబీ వేళ్లు, తెల్ల ముక్కను ఊరికే అందిస్తున్న చాచా చేయి, నేను ముట్టకూడనిదాన్ని నాకోసం ఎండలో పట్టుకున్న తాత పిడికిలి. మార్తమ్మక్క చేయి ఫోటోలో లేదు. ఆమె మాటే లేకపోతే మిగతావి ఉండీ లాభం లేదు. మేస్త్రీ మీద కోపం అలాగే ఉంది, దాన్ని వదలను. కానీ హార్బర్‌కు పోయేది ఆ కోపం తీర్చుకోవడానికి మాత్రమే కాదు. ఒక గుప్పెడు గవ్వలు తేవాలి.

ఈ దారిలో పోయేవాళ్లకు నా సలహా ఒక్కటే. జేబులో ఒక నిమ్మకాయ పెట్టుకోండి. దొంగ గవ్వను పట్టిస్తుంది, గొరవయ్య వాకిట్లో మీ చేతుల నీసూ పోగొడుతుంది. అయినా పట్టీని ముట్టకండి.