బార్సిలోనాలో చూడాల్సినవి

"వచ్చే నెల బార్సిలోనా వెళ్తున్నాం అన్నా. మూడు రోజుల్లో ఏమేం చూడాలి?" అని అడిగాడు, ఆదివారం ఆక్లాండ్ శివారు ఫ్లాట్ బుష్‌లో మా ఇంటికి భోజనానికొచ్చిన స్నేహితుడు.

అడగడమే ఆలస్యం, నా జాబితా తీశాను. పోయినేడాది వెళ్లే ముందు ఎక్సెల్‌లో గంటలవారీగా రాసుకున్నది. ఇంకా కడుతూనే ఉన్న పెద్ద చర్చి, రంగురంగుల పెంకులు అతికిన పార్కు, పాత బజారు, బీచ్.

ఆ చర్చి దగ్గరే అప్పుడు నాకు ఒళ్లు మండింది. మా ఆవిడ గుమ్మం ముందు చెప్పులు విప్పి గోడ వారగా పెట్టింది. గార్డు వచ్చి వేసుకోమని సైగ చేశాడు.

"అందరూ చూస్తున్నారు, వేసుకో" అని విసుక్కున్నాను.

"మన ఆక్లాండ్‌లో కివీ జనం సూపర్‌మార్కెట్‌కే ఒట్టి కాళ్లతో వస్తారు. దేవుడి దగ్గరకెళ్తే తప్పా?" అంది.

వేసుకునే లోపలికొచ్చింది గానీ, బెంచీ మీద కూర్చోగానే మళ్లీ విప్పేసింది. పాదాలు నేలకానించి నలభై నిమిషాలు కదల్లేదు. జాబితా ప్రకారం అక్కడ మాకున్నది ఇరవై నిమిషాలే. ఫోన్‌తో ఫోటోలు తీస్తూ, ఆమె చుట్టూ సణుగుతూ తిరిగాను.

"ఆ చర్చి లోపల ఎలా ఉంటుందన్నా?" అన్నాడు స్నేహితుడు.

చెబుదామని ఫోన్ తీశాను. అప్పుడు తీసిన ఫోటోలు వెతకసాగాను.

మా ఆవిడ అతనికి పెరుగు వడ్డిస్తూ అంది: "మధ్యాహ్నం వెళ్లండి. నేల చల్లగా ఉంటుంది. కిటికీ అద్దాల ఎరుపు మెల్లగా పాకుతూ వచ్చి మన కాళ్ల మీదికెక్కుతుంది."

నేను వెతకడం ఆపి ఫోన్ బోర్లా పెట్టాను. ఆ చర్చి చూసొచ్చింది తనొక్కతే.