ఆ పది ఎలా పడిందో

కడియంలో మొక్కల నర్సరీ వాళ్లింట్లో పుట్టి, నర్సరీ వాళ్లింటికే కోడలినైన నాకు పిస్టల్ పోటీలేమిటని చాలామంది నవ్వారు. నలభై దగ్గర పడుతుండగా, రాజమండ్రిలో ఎయిర్ పిస్టల్ నేర్పుతున్నారని విని చేరాను. మూడేళ్లయింది. ఈసారి జిల్లా జట్టులోని నలుగురిలో చోటు దొరక్కపోతే మానేస్తానని మా ఆయనకు మాటిచ్చాను. తొందరపడి అన్న మాటే. మానేయాలని నాకు ఎంతమాత్రం లేదు.

నా షాట్లన్నీ ఎడమ పక్కకి, కిందికి పోయేవి. తప్పెక్కడుందో మా కోచ్ గారు మొదట్లోనే పట్టేశారు. గులాబీ కొమ్మ కత్తిరించేటప్పుడు కత్తెర మీద అరచెయ్యంతా ఒక్కసారి బిగించాలి; మెల్లగా నొక్కితే కొమ్మ నలుగుతుంది, అంటు పట్టదు. ఇరవై ఏళ్లు ఆ పని చేసిన చెయ్యి ట్రిగ్గర్ మీద కూడా అదే చేస్తోంది.

"వేలొక్కటే కదలాలండి. మెల్లగా ఒత్తిడి పెంచుకుంటూ పోండి. ఎప్పుడు పేలిందో మీకే తెలియకూడదు," అనేవారాయన.

"నాకు తెలియకుండా పేలితే, కొట్టింది నేనెలా అవుతానండి?"

"మీరు ప్రశ్నలు తగ్గించి ప్రాక్టీసు పెంచండి."

ఒళ్లు మండింది. పోనీ ఆయన చెప్పిందే చేద్దామంటే, మరో వారం ఆయనే "గురి కుదిరాక ఇంకా ఆలోచనేంటండి, నిర్ణయించుకుని నొక్కేయాలి" అన్నారు. తెలియకుండా నిర్ణయించుకోవడం ఏమిటో నాకు ఎంతకీ బోధపడలేదు. ఇంట్లో ఖాళీ పిస్టల్ గోడకి గురిపెట్టి రోజూ వంద సార్లు నొక్కేదాన్ని. ట్రిగ్గర్ మొదట తేలిగ్గా వస్తుంది, తర్వాత వేలికి ఏదో అడ్డం తగులుతుంది. అక్కడినుంచి నొక్కడమే అసలు విద్య. సరిగ్గా అక్కడే నా బుర్ర ఆగిపోయేది. మా ఆయన కాఫీ తాగుతూ, "గోడ పడిందా?" అని వేళాకోళం చేసేవారు.

ఎంపిక పోటీలో రెండు షాట్లు మిగిలేసరికి నేను ఐదో స్థానంలో ఉన్నాను. మొదటిది కోచ్ గారు చెప్పినట్టే కొట్టాను. ఊపిరి, గురి, వేలు, అన్నీ కుదిరాయి. ప్రాణానికి హాయిగా అనిపించింది. స్క్రీన్ మీద పదికి ఏడు పడింది.

ఏడుపొచ్చింది. చివరి షాట్‌కి చెయ్యి ఎత్తాను, దించాను, మళ్లీ ఎత్తాను. వేలు ఆ అడ్డం దగ్గర మొరాయించింది. టైమ్ అయిపోవస్తోంది. విసుగొచ్చి లాగేశాను. చెయ్యి మొత్తం బిగిసిందని నాకు బాగా తెలుసు. స్క్రీన్ వైపు చూడకుండా పిస్టల్ బల్ల మీద పెట్టేశాను.

వెనక చప్పట్లు వినిపించాయి. పది పడింది. నేను నాలుగోదాన్ని.

మర్నాడు కోచ్ గారు నేర్చుకునేవాళ్లందరి ముందూ నన్ను నిలబెట్టారు.

"ఆ చివరి షాట్‌లో వేలు ఎలా నడిపారో వీళ్లకి చెప్పండమ్మా. ట్రిగ్గర్ కంట్రోల్ అంటే అదీ!"

ఆయన మొహం వెలిగిపోతోంది. చెడగొట్టబుద్ధి కాలేదు. "మీరు చెప్పినట్టే చేశానండి," అన్నాను.

రాష్ట్ర పోటీలకి ఇంకా ఇరవై రోజులే ఉన్నాయి. ఏడు తెచ్చిన పద్ధతిని సాధన చేయాలా, పది తెచ్చిన తప్పునా? అడగడానికి నాకున్నది ఒక్క మనిషి. ఆయనకే అబద్ధం చెప్పేశాను.