ఎడమచేతి తెల్లగీత

మా మామగారు పోయారని టెలిగ్రాం వచ్చేటప్పటికి నేను చీరాలలో పుట్టింట్లో ఉన్నాను. వినుకొండ చేరేసరికి ఆయన దగ్గర చదువుకున్నవాళ్లు వీధి పొడుగునా నిలబడి ఉన్నారు. ఇవాళ ఆయన్ని తలుచుకోవడానికి వచ్చిన మీలో చాలామందికి ఆయన లెక్కల మాస్టారుగానే తెలుసు. ఇంట్లో ఆయన చేసుకునే పని గురించి నేను చెప్పాలి.

ఆయన బొమ్మకార్లకు రంగులు వేసేవారు. మా ఆయన చిన్నప్పుడు ఆడి పారేసిన, అరచేతిలో పట్టే లోహపు కార్లు. పాత రంగు గీకి, ఉప్పుకాగితంతో రుద్ది, ఒకదాన్ని టాక్సీ చేసేవారు, ఇంకోదాన్ని పోలీసు జీపు. ఇంటి వెనకే జిన్నింగు మిల్లు. పత్తి నూగు తడి రంగుకు అంటుకోకుండా కారు మీద స్టీలు గిన్నె బోర్లించేవారు. కాపరానికొచ్చిన కొత్తలో కూరకని గిన్నె ఎత్తితే కింద ఎర్రకారు. "అది ఆరలేదమ్మాయ్, ఇంకో గిన్నె చూసుకో," అన్నారు, ఎంతో మామూలుగా.

నా పెళ్లయిన మూడో ఏడు ఆయనకు పక్షవాతం వచ్చింది. మాట పోలేదు గానీ కుడిచెయ్యి పడిపోయింది. బోర్డు మీద రాయలేనప్పుడు, జబ్బుకని పెట్టిన సెలవు అయ్యాక ఉద్యోగం మానుకోవడమే మంచిదని హెడ్మాస్టరు ఇంటికొచ్చి చెప్పి వెళ్లారు. మర్నాడు పొద్దున్నే మామగారు ఎడమచేత్తో కుంచె పట్టుకున్నారు. నల్లకారు పక్కన, ఈ చివరి నుంచి ఆ చివరిదాకా, ఒక్క తెల్లగీత. కారు నిలవడానికి గోధుమపిండి ముద్దలో గుచ్చి మొదలుపెట్టేవారు. గీత వంకర్లు పోయేది. టర్పెంటైన్ గుడ్డతో తుడిచి మళ్లీ వేసేవారు.

నెల గడిచింది. చూడలేక, ఒక మధ్యాహ్నం ఆయన నిద్రపోతుంటే ఆ గీత నేనే వేసేశాను. ఆయన లేచి, కారు కళ్లజోడుకు దగ్గరగా పట్టుకుని చూశారు.

"నువ్వేశావా?"

"అవునండి మామయ్యగారూ. మీరు అంత కష్టపడుతుంటే..."

"బాగా వేశావు," అంటూనే గుడ్డ అందుకుని శుభ్రంగా తుడిచేశారు. "నాకు కావాల్సింది కారు కాదమ్మాయ్. చెయ్యి."

వంటింట్లోకి వెళ్లి ఏడ్చాను. సాయంత్రం ఆయనే పిలిచారు. "ఇలా కూర్చో. పిండిముద్దలో ఆగట్లేదు, కారు కదలకుండా పట్టుకో. అంతవరకే నీ పని."

అప్పట్నుంచి రోజూ గంటసేపు పట్టుకున్నాను. మిరపకాయలు ఎండబోసే రోజులు. ఘాటుకు తుమ్ము వచ్చినా బిగబట్టుకునేదాన్ని. సెలవు ముగియబోయే వారంలో గీత తిన్నగా వచ్చింది.

స్కూలుకి ఆయన వెంట నేనూ వెళ్లాను. హెడ్మాస్టరు చూస్తుండగా ఎడమచేత్తో బోర్డు మీద ఒక లెక్క మొదట్నుంచి చివరిదాకా చేశారు. అంకెలు పెద్దగా, పక్కకు ఒరిగి ఉన్నాయి. ఆఖరి బెంచీకి కూడా కనిపిస్తున్నాయి.

"సరేనండీ, రేపట్నుంచి రండి," అన్నారు హెడ్మాస్టరు.

"ఇవాళ రెండో పీరియడు నాదేనండి," అన్నారు మామగారు.

రిటైరయ్యేదాకా అయిదేళ్లు ఆ చేత్తోనే పాఠం చెప్పారు. నేను ఆపేసిన బి.ఎ. ఆయన పక్కన కూర్చునే పూర్తిచేశాను. ఒకసారి పరీక్ష తప్పి ముసుగుతన్ని పడుకుంటే, "తప్పు గీత మీద ఇంకో రంగు పుయ్యకూడదు. తుడిచి మళ్లీ వెయ్యాలి. లే," అన్నారు. లేచాను.

పెద్దకర్మ అయ్యాక ఇల్లు కడిగాం. కిటికీ గట్టు మీద ఆయన చివరగా మొదలుపెట్టిన జీపు ఉంది. ఒక తలుపుకు నీలం రంగు, రెండోది ఇంకా వట్టి లోహం. అత్తగారు తడిగుడ్డతో గట్టంతా తుడుస్తూ వచ్చి, జీపు దగ్గర చెయ్యి ఆపారు. దాన్ని కదపకుండా చుట్టూ తుడిచి, మిల్లు నూగు పడకుండా కిటికీ రెక్క మెల్లగా దగ్గరికి వేశారు.